అప్పు తెచ్చి చేసిన దాసోహము

వీరశైవ గృహములలో లింగదీక్షయైనను, వివాహమైనను, గృహప్రవేశమైనను జంగమార్చన లేక, పదిమందికి అన్నము పెట్టక పూర్తి కాదు. ఈ ఆచారము ఉత్తమమైనది. కాని దీని చాటున ఒక ప్రశ్న దాగియున్నది. ఇంట ధనము లేనప్పుడు వడ్డీకి తెచ్చిన సొమ్ముతో పెట్టిన అన్నము దాసోహమగునా? భక్తుడు లెక్క చూడరాదని కొందరందురు. లెక్క చూడనిది భక్తియే కాదని మరికొందరందురు.

మొదటివారి పక్షము తేలికగా త్రోసివేయదగినది కాదు. పురాతనులలో ఒకడైన ఇళయాంగుడి మారనాయనారు కలిమి పోయిన పిదపను శివభక్తులకు అన్నము పెట్టుట మానలేదు. వాన కురియు రాత్రి అతిథి రాగా, పగలు పొలమున చల్లిన విత్తనపు వడ్లను ఏరి తెచ్చి భార్యచేత వండించెను. వంటచెరకు లేక ఇంటికప్పు కర్రలు విరిచి పొయ్యిలో పెట్టెను. విత్తనము తినుట సంసారికి కడపటి తప్పు. ఆయనకు అదియే మహిమయైనది. అప్పులును చేసెను. ఈ కథను చూపి, పొలము కుదువబెట్టి విందు చేసినవారిని మెచ్చుకొను పెద్దలు నేటికిని కలరు. అయితే 12వ శతాబ్దమున పెరియపురాణమును రచించిన చేక్కిళారు ఒక చిన్న మాటను చేర్చియున్నాడు: ఆ భక్తుడు తన్ను తాను మార్చుకొనియైనను తీర్చదగినంత అప్పే తెచ్చెనని. మెచ్చుకొనువారు ఈ మాటను విడిచిపెట్టుదురు.

బసవేశ్వరుని కాలపు శరణులు ఈ ప్రశ్నను ఇంకను లోతుగా చూచిరి. ఆయ్దక్కి అనగా ఏరిన బియ్యము. కల్యాణములో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. దానితో వండి జంగమదాసోహము చేయుట ఆ దంపతుల నియమము. ఒకనాడు మారయ్య శరణుల గోష్ఠిలో కూర్చుండి కాయకము మరచెను. లక్కమ్మ వచ్చి గుర్తుచేయగా వేగిరపడి వెళ్లి, ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆమె దానిని చూచి, నిత్యము తెచ్చు కొలతను మించినది తమది కాదు, ఎక్కడ తెచ్చితిరో అక్కడనే పోసి రమ్మనెను.

ఈ కథను దురాశ కూడదను నీతిగా చెప్పి ఊరకుండుట పరిపాటి. అది చాలదు. ఆ ఎక్కువ బియ్యమును వారు గాదెలో దాచుకొనబోవుట లేదు, అదియు దాసోహమునకే. అయినను లక్కమ్మ కూడదనెను. ఏ దానమైనను మంచిదే యనువారికి ఇది మింగుడుపడదు. ఆమె దృష్టిలో దాసోహమునకు విలువ వచ్చునది పెట్టిన అన్నపు రాశిని బట్టి కాదు, ఆ అన్నము వెనుకనున్న కాయకమును బట్టి.

ఈ కొలతతో అప్పును చూడవలెను. అప్పనగా ఇంకను చేయని కాయకపు ఫలమును ముందుగా తెచ్చుకొనుట. ఆ రాబోవు కాయకము తనదే కావచ్చును, కొడుకుది కావచ్చును, కూలికి పోవు కోడలిది కావచ్చును. తండ్రి విందు చేసి దాసోహి యనిపించుకొనును. పదేండ్లు వడ్డీ మోయునది కొడుకు. అతనిని అడిగిన వారెవరు? నాయనారు తన్ను తాను పణముగా పెట్టెను. వడ్డీకి తెచ్చి విందు చేయువాడు తరచుగా ఇతరులను పెట్టుచున్నాడు.

వడ్డీని పలుకు తీరు కూడ మోసపుచ్చునట్టిది. నూటికి రెండు రూపాయలనగా వినుటకు స్వల్పము. అది నెలకు. లక్షకు నెలకు 2,000, ఏటికి 24,000. నాలుగేండ్ల రెండు నెలలకు వడ్డీయే అసలంత యగును, అసలు అట్లే యుండును. కట్టలేక ఏటేట అసలులో కలిపినచో నాలుగేండ్లకు బాకీ 2,36,000 దాటును. అన్ని అప్పులు ఒకటే యని చెప్పుట కాదు. మగ్గమునకు, కుట్టుమిషనుకు, పిల్లల చదువునకు తెచ్చినది కాయకమును పెంచును. (బోరుబావి మాట వేరు, నీరు పడువరకు అది ఏ కోవలోనిదో ఎవరును చెప్పజాలరు.)

దాసోహమునకు ధనము మన ఇండ్లలో ఎట్లు కూడెడిది? పూటపూట ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయు అలవాటు తల్లులకు ఉండెడిది, కొన్ని ఇండ్లలో ఇప్పటికిని కలదు. పిడికెడు 50 గ్రాములనుకొన్నను రెండు పూటలకు 100, సంవత్సరమునకు 36 కిలోలు మించును. మనిషికి 150 గ్రాముల చొప్పున 240 మందికి అన్నమగును. ఇది వడ్డీ లేని దాసోహము. పైగా ముందు తీసి పెట్టునది, మిగిలినచో ఇచ్చునది కాదు. ధనమునకును ఈ పద్ధతియే తగును: జీతమో కూలియో పంట సొమ్మో చేతికి వచ్చిననాడే దాసోహపు భాగమును, ఆపత్కాలపు భాగమును తీసిపెట్టి, తక్కినదానితో ఇల్లు నడుపుకొనుట.

లెక్క వ్రాయుట నేడు మునుపటికంటె ముఖ్యమైనది. 2016లో యూపీఐ వచ్చినది మొదలు సొమ్ము చేతిని తాకకయే పోవుచున్నది. చిల్లర సంచి తేలికపడుట కంటికి కనబడుట లేదు. సాయంకాలపు లింగపూజకు ముందు నాటి రాకపోకలను ఒక పుస్తకమున వ్రాసికొనుటకు ఐదు నిమిషములు చాలును. లెక్క భక్తికి విరుద్ధమని తలచువారు బసవేశ్వరుడు బిజ్జలుని భండారి యని మరవరాదు. రాజధనమును జంగములకు వ్యయపరచెనని కొండెములు పుట్టినప్పుడు ఆయన లెక్క చూపెను, అది సరిపోయెను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున దీనిని మహిమగా వర్ణించెను. మహిమను నమ్మినను నమ్మకున్నను, లెక్క అడిగిన నాడు చూపుటకు ఆయన వెనుదీయలేదు.

ఇప్పటికే అప్పులోనున్న కుటుంబము పిడికెడు బియ్యమును మానవలసిన పని లేదు. పెద్ద విందును మాత్రము అసలు తీరువరకు ఆపవలెను. బంధువులు ఒక మాట అందురు, అననిమ్ము. కాని మఠములును ఈ విషయమున పూర్తిగా నిర్దోషులు కావు. ఉత్సవ సభలలో దాతల పేర్లను, వారిచ్చిన మొత్తములను బిగ్గరగా చదువుచుండగా, వెనుక వరుసలో కూర్చున్న చిన్నరైతు మరుసటి ఏటికి ఎవరి వద్ద అప్పు పుట్టునాయని ఆలోచించుచుండును. పేర్లు చదివి మొత్తములు చదువకుండుట మఠాధిపతుల చేతిలోని పని. దానికి పైసా ఖర్చు లేదు.