108 చుట్లు తిరిగినా ఉద్యోగం పోతే? బ్లెడ్ సరస్సు దగ్గర దొరికిన ఒక జవాబు

ప్రదక్షిణ మీద పెట్టిన వీడియో చూసి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాడు, వీసా వచ్చింది. విమానం ఎక్కేలోపు 108 కూడా పూర్తి చేశాడు. రెండేళ్ళు తిరక్కుండానే ఉద్యోగం పోయి ఇంటికి వచ్చేశాడు. "అన్నా, అన్ని చుట్లు తిరిగి మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చాను. ఇంక గుడికి ఎందుకెళ్ళాలి?" అని అడిగాడు. వీడియోలో రెండు నిమిషాల్లో తేలే ప్రశ్న కాదిది, అందుకే రాస్తున్నా.

నాకు ఈ విషయంలో సాయపడింది ఒక సరస్సు. స్లొవేనియాలో బ్లెడ్. ఆఫీసు పని మీద లూబ్లియానాలో కొన్ని వారాలు ఉన్నప్పుడు సెలవు రోజుల్లో అక్కడికే పోయేవాణ్ణి. జూలియన్ ఆల్ప్స్ పక్కన, 475 మీటర్ల ఎత్తులో, ఒకప్పటి హిమానీనదం వెనక్కి తగ్గుతూ వదిలేసిన గుంటలో నిలిచిన నీళ్ళు. ఒడ్డున కొండచరియ మీద కోట. 1011 నాటి పత్రంలోనే దాని ప్రస్తావన ఉంది. నీళ్ళ మధ్యలో చిన్న దీవి, దాని మీద మరియమ్మ చర్చి, ఎక్కడానికి 99 మెట్లు. చుట్టూ దారి సుమారు 6 కిలోమీటర్లు, దాదాపు చదును.

పొద్దున్నే ఆ దారిలో పరిగెత్తేవాళ్ళు కొందరు, రెండు చేతుల్లో రెండు కర్రలతో నడిచేవాళ్ళు కొందరు. దీన్ని నార్డిక్ వాకింగ్ అంటారు. మంచు లేని రోజుల్లో స్కీయింగ్ వాళ్ళు చేసే సాధన నుంచి ఫిన్లాండ్‌లో పుట్టింది. మన తాతల చేతికర్రలా ముందు ఆనించి నడవరు. కర్ర వెనక్కి వాలి ఉంటుంది, నేలను వెనక్కి నెడతారు. నాకు నచ్చింది ఇంకోటి. చెయ్యి నడుము దాటి వెనక్కి వెళ్ళగానే పిడికిలి తెరుచుకుంటుంది. కర్ర పడిపోదు, మణికట్టుకి ఉన్న పట్టీ పట్టుకుంటుంది. చెయ్యి ముందుకొచ్చాక మళ్ళీ పట్టు. అడుగడుక్కీ పట్టుకోవడం, వదలడం. పిడికిలి బిగించే నడిస్తే భుజాలు పట్టేస్తాయి. నేను చేసి చూశాను, నిజమే.

దీవి కుడివైపు ఉండేలా బయల్దేరితే అది అచ్చం మన ప్రదక్షిణ దిశే. ఒకచోట నుంచి మెట్లు కనిపిస్తాయి, ఇంకోచోట గంటస్తంభం, మరోచోట ఉత్త చెట్లు. కొన్నిచోట్ల కొమ్మలు అడ్డొచ్చి దీవే కనబడదు. అయినా అది ఎటుందో ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. చుట్టు పూర్తయ్యాక, ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి తెలుసు కదా, డిస్‌ప్లేస్‌మెంట్ సున్నా! కానీ ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్ళిపోయినవాడు చూసిన దీవి వేరు, చుట్టివచ్చినవాడు చూసిన దీవి వేరు. మన శివాలయాల్లో గర్భగుడి దక్షిణపు గోడకి దక్షిణామూర్తి ఉంటాడు. ముందు నిలబడి దణ్ణం పెట్టి వచ్చేస్తే ఆయన కనబడడు. మౌనంగా కూర్చున్న గురువుని చూడాలంటే చుట్టూ తిరగాల్సిందే.

ఆ దీవి చర్చిలో కోరికల గంట ఒకటుంది, 1534 నాటిది. మోగిస్తే అనుకున్నది అవుతుందని జనం వరస కడతారు. దాని వెనక కథ చాలామంది వినరు. కోటలో ఒకావిడ, పేరు పొలిక్సేనా, భర్తని పోగొట్టుకుంది. ఉన్న బంగారం, వెండి కరిగించి దీవి మీది గుడికి గంట పోయించింది. పడవలో తీసుకెళ్తుంటే తుఫానొచ్చి గంట మునిగిపోయింది. ఆవిడ రోముకి వెళ్ళి సన్యాసినిగా బతికింది. ఆవిడ పోయాక పోపు ఇంకో గంట చేయించి పంపాడట. అంటే, ఆ గంట దగ్గర ఎవరి కోరికైనా తీరని కథ ఉందంటే అది మొదట ఆవిడదే.

తమ్ముడూ, "దేవుడు ఇంతకంటే మంచిది రాసిపెట్టాడులే" అని నేను అనను. ఆ మాటతో నీ ఈఎంఐ కట్టలేవు. ఒక లెక్క మాత్రం చూడు. చిలుకూరులో అడగడానికి 11, అడిగింది వచ్చాక 108. ఆ 108 తిరిగినప్పుడు వీసా అప్పటికే నీ చేతిలో ఉంది, అడగడానికేం లేదు. అడుగుతూ తిరిగినదానికి దాదాపు పదింతలు ఏమీ అడగకుండా తిరిగావు. దాన్ని ఫీజు అనుకుంటే డబ్బులు పోయినట్టే లెక్క. కానీ హుండీ కూడా పెట్టని గుడి అది, నీ దగ్గర ఫీజు వసూలు చేస్తుందా? కార్డు మీద అంకెలు కొట్టేసుకుంటూ హడావిడిగా తిరిగి ఉంటావు, అందరం అలాగే తిరుగుతాం. నిండు గర్భిణి నీళ్ళకుండతో నడిచినట్టు నడవాలని పెద్దలు చెప్పింది పరుగు పోటీలకి కాదు కదా.

ఈ శనివారం వెళ్ళు. కార్డు కొనకు, ఫోన్ బండిలో పెట్టెయ్. ఒక్క చుట్టు, నెమ్మదిగా. కోపంగా ఉంటే కోపంగానే తిరుగు, ఆయన కుడివైపే ఉంటాడు. వచ్చాక మెసేజ్ పెట్టు. రెజ్యూమె కూడా పంపు, మా టీమ్‌లో ఖాళీలున్నాయేమో అడుగుతా.

గోవిందా గోవింద!