ఆనందపురానికి టికెట్ ఎంత?

 

ఆనందపురం అనే ఊరు ఎక్కడుందో చెప్పండి చూద్దాం. మన దగ్గర ఆ పేరుతో ఊళ్ళు ఉన్నాయి కానీ నేను అడిగేది ఇంకోటి. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో, ఒర్లాండో దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంది కదా. 1971 అక్టోబర్ 1న తెరిచారు. అందులో నాలుగు పెద్ద థీమ్ పార్కులు. నాలుగోది యానిమల్ కింగ్‌డమ్, 1998లో వచ్చింది. అందులో ఆసియా అని ఒక భాగం కట్టారు. పాత కోట గోడలు, వాటి మధ్య తిరిగే పులులు, ప్రార్థన జెండాలు, చివర ఎవరెస్ట్ పేరుతో ఒక రోలర్ కోస్టర్. ఈ ఆసియా భాగమంతా ఒక కల్పిత రాజ్యం అనుకుని, దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "ఆనందపుర్". అచ్చమైన సంస్కృతం!

ఆ బోర్డు కింద మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఫోటోలు తీసుకుంటాయో. ఆ మాట ఏ ఉపనిషత్తులోంచి నడిచి వచ్చిందో ఎవరైనా పిల్లలకి చెబుతారా అన్నది నా అనుమానం.

ఇప్పుడు ఇది ఎందుకు ఎత్తానంటే, తైత్తిరీయం మీద మన వీడియోలు చూస్తున్న ఒక అమ్మాయి డాలస్ నుంచి పెద్ద ఉత్తరం రాసింది. పేరు చెప్పొద్దంది, చెప్పను. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి కుటుంబమంతా ఒర్లాండో వెళ్ళారట. తను, భర్త, పదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, ఇండియా నుంచి ఆరు నెలల కోసం వచ్చిన అత్తమామలు. నాలుగు రోజులు, నాలుగు పార్కులు. మూడో రోజు మధ్యాహ్నం ఒక రైడ్ కోసం గంటకి పైగా లైన్లో నిలబడ్డాక ఉరుములు మొదలయ్యాయి. ఫ్లోరిడాలో ఉరుములు మెరుపులు వస్తే బయట ఉండే రైడ్లు ఆపేస్తారు. ఆపాలి కూడా. బాబు అక్కడే నేల మీద పడి ఏడుపు. భర్త అందరి ముందూ వాడి మీద అరిచాడట: "మీ కోసం ఇన్ని వేల డాలర్లు తగలేశాను, ఇంకా ఏడుస్తావేంట్రా?" అడ్డం వచ్చిన వాళ్ళమ్మగారితో "నీకేం తెలీదు, నువ్వూరుకో అమ్మా" అన్నాడట. ఆవిడ మూడు రోజులుగా బెంచీ మీద కూర్చుని అందరి బ్యాగులకీ కాపలా కాస్తున్నారు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి "నా టికెట్ ముందుకి జరిపించండి, నేను వెళ్ళిపోతాను" అంటున్నారట.

చివర్లో ఆ అమ్మాయి అడిగింది: "గురువుగారూ, అది భోగభూమి కాబట్టే ఇలా అయ్యిందా? అదే డబ్బుతో అత్తయ్యగారిని కాశీ తీసుకెళ్ళి ఉంటే పుణ్యమైనా దక్కేదా?"

కాశీ తప్పకుండా వెళ్ళండి తల్లీ. కానీ పార్కుని అంత తొందరగా బోనులో నిలబెట్టొద్దు. అదే కుటుంబం, అదే మనసుతో కాశీ వెళితే అక్కడ పడవవాడి మీద అరుస్తారు, అంతే తేడా.

ఆడుకోవడం, ఊగడం, కేకలు పెట్టడం, ఇవి పాపం అని మన ధర్మం ఎక్కడా అనలేదు. ఏ జాతరకి వెళ్ళినా గుడి ముందే రంగులరాట్నం ఉంటుంది. మనం స్వామినే ఊయలలో కూర్చోబెట్టి ఊపుతాం, ఊంజల్ సేవ అంటాం. తిరుమలలో ఫాల్గుణ పౌర్ణమికి ముగిసేలా ఐదు రోజులు పుష్కరిణిలో తెప్ప మీద స్వామిని విహారం తిప్పుతారు. లెక్క చూస్తే అది కూడా ఇంచుమించు మీ స్ప్రింగ్ బ్రేక్ రోజుల్లోనే! దేవుడికే పడవ షికారు కట్టిన మనం, పిల్లల పడవ షికారుని తప్పు పట్టగలమా?

అయితే తేడా ఎక్కడొచ్చింది? తైత్తిరీయోపనిషత్తులోకే వెళదాం. బ్రహ్మానందవల్లిలో ఒక లెక్క ఉంది. ఆనంద మీమాంస అంటారు. ఉపనిషత్తు లెక్కలు వేస్తుందా అనుకోకండి, భలే లెక్క ఇది. ఒక యువకుడిని ఊహించుకోమంటుంది. మంచివాడు, బాగా చదువుకున్నవాడు, చురుకైనవాడు, దృఢమైనవాడు, బలవంతుడు. పైగా సంపదతో నిండిన ఈ భూమి మొత్తం వాడిదే. అలాంటివాడికి కలిగే సంతోషాన్ని ఒక మానుషానందం అనుకో అంటుంది. అంటే ఒక యూనిట్. గమనించండి, మీలో ఎవరికీ ఆ ఒక్క యూనిట్ కూడా లేదు! నాకు అసలే లేదు.

దానికి నూరు రెట్లు మనుష్య గంధర్వుల ఆనందం. దానికి నూరు రెట్లు దేవ గంధర్వులది. అలా పితృదేవతలు, దేవతల్లో రకరకాల వాళ్ళు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి, ఆఖరికి బ్రహ్మ. మొత్తం పది మెట్లు, మెట్టుకి నూరు రెట్లు. గుణిస్తే 1 పక్కన 20 సున్నాలు. ఏ పార్కులోనూ అమ్మని ప్యాకేజీ అది.

అసలు విషయం లెక్కలో లేదు. మనుష్య గంధర్వుల మెట్టు నుంచి ప్రతి మెట్టు దగ్గరా ఉపనిషత్తు ఆగి, ఇంకొకడికి కూడా ఇదే ఆనందం ఉంది అని చెబుతుంది. ఎవడు వాడు? వేదం తెలిసినవాడు, అకామహతుడు. ఇంద్రుడికి ఎంతో వాడికీ అంతే. బ్రహ్మకి ఎంతో వాడికీ అంతే. పది మెట్లు ఎక్కి అక్కడికి చేరక్కర్లేదు, ఉన్నచోటే.

అకామహతుడు అనే మాటని విడగొట్టి చూడండి. కామం చేత హతుడు కానివాడు. కోరిక కొట్టిన దెబ్బకి పడిపోనివాడు. భాష్యాల్లో దీనికి పూర్తి వైరాగ్యం అనే అర్థం చెప్పారు, అది చాలా పై మాట. ఇద్దరు పిల్లలు, ఇంటి లోను ఉన్న మనలాంటి గృహస్థులకి మొదటి పాఠంగా నేను ఇంతవరకే తీసుకుంటాను. కోరిక ఉండనీ, కానీ అది తీరకపోతే నేను కూలిపోకూడదు, నా పక్కవాళ్ళని కూల్చకూడదు. ఆ మూడో రోజు మధ్యాహ్నం నేల మీద పడ్డది ఐదేళ్ళ పిల్లాడొక్కడేనా? వాళ్ళ నాన్న కూడా పడ్డాడు. ఆయన నిలబడి పడ్డాడు, అంతే.

అదే వల్లిలో ఆనందమయ కోశాన్ని ఒక పక్షిలా వర్ణిస్తారు. తల ప్రియం, కుడి రెక్క మోదం, ఎడమ రెక్క ప్రమోదం. ఇష్టమైనది కంటబడగానే కలిగేది ప్రియం. అది చేతికి అందినప్పుడు మోదం. అనుభవిస్తున్నప్పుడు ప్రమోదం. మీ ట్రిప్పుకి పెట్టి చూసుకోండి. కారు పార్క్ చేసి వస్తుంటే దూరంగా కోట శిఖరం కనపడి పాప "అదిగో!" అంటుంది చూడండి, అది ప్రియం. లైన్ అయిపోయి బెల్టు బిగించుకున్నప్పుడు మోదం. రైడ్ కిందికి దూకినప్పుడు గుండె గొంతులోకి వచ్చి అరుస్తారే, అది ప్రమోదం. ఆ ఒక్క నిమిషంలో ఏమైందో గుర్తు తెచ్చుకోండి. ఆఫీసు లేదు, ఈఎంఐ లేదు, తరవాతి రైడ్ ఆలోచన కూడా లేదు. మనసు ఇంకోటి అడగడం ఆపేసింది. వేదాంతం చెప్పేది ఇదే. వస్తువులోంచి సుఖం కారలేదు, అడగడం ఆగిన మనసులో లోపలున్న ఆనందం ఒక్క క్షణం తొంగి చూసింది. రైడ్ దిగగానే "నెక్స్ట్ ఏంటి?" అని యాప్ తీస్తాం. తలుపు మళ్ళీ మూసుకుంది.

మరి "ఇంత పెట్టాను కాబట్టి ఇంత సంతోషం రావాలి" అని లెక్క కట్టుకుని వెళితే? ఆ మనసు ఒక్క నిమిషం కూడా అడగడం ఆపదు. ప్రతి గంటకీ వసూలు చూసుకుంటుంది. వాన పడితే నష్టం. పిల్లాడు స్ట్రోలర్‌లో నిద్రపోతే నష్టం. స్పేస్ మౌంటెన్ దగ్గర 44 అంగుళాల కొలత పట్టీ ముందు పిల్ల రెండు వేళ్ళు తక్కువైతే నష్టం. అక్కడ సెలవు పోయి వ్యాపారం మొదలైంది.

లైన్ సంగతి కూడా చెప్పాలి. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చుంటాం. గర్భగుడి మీద ఉన్న ఆ బంగారు విమానం పేరేంటి? ఆనంద నిలయం. దాని కింద మనకి దొరికేది కొన్ని క్షణాలు, వెంటనే "జరగండి, జరగండి". అయినా బయటికొచ్చి "దర్శనం బాగా అయ్యింది" అంటాం. ఎందుకంటే అక్కడికి అడగడానికి వెళ్ళినా, ఇచ్చినంత తీసుకోవడానికి సిద్ధపడి వెళ్ళాం. మధ్యలో పాలు వచ్చినా, అన్నప్రసాదం వచ్చినా కళ్ళకద్దుకున్నాం. (అక్కడా తోసుకునేవాళ్ళు, 300 రూపాయల లైన్ వైపు గుర్రుగా చూసేవాళ్ళు లేరని నేను అనను. డిస్నీలో 1999లో పెట్టిన ఫాస్ట్‌పాస్ ఉచితంగా ఉండేది, ఇప్పుడు లైట్నింగ్ లేన్‌కి డబ్బు కట్టాలి. "వాళ్ళు మనకన్నా ముందు ఎందుకెళ్తున్నారు నాన్నా?" అనే ప్రశ్న రెండు చోట్లా ఒకటే.) గీతలో కర్మయోగం చెప్పేచోట పెద్దలు ప్రసాద బుద్ధి అంటారే, అది ఇదే. చెయ్యాల్సింది చేశాం, వచ్చింది ప్రసాదం. ప్రసాదంలో జీడిపప్పు రాలేదని పూజారి మీద కేసు వేస్తామా?

ఇప్పుడు ఆ బెంచీ దగ్గరికి వద్దాం. నన్ను నిజంగా బాధపెట్టింది అదే.

తల్లిని, తండ్రిని, ఆచార్యుణ్ణి, అతిథిని దైవంగా చూడమన్న ప్రసిద్ధమైన బోధ కూడా ఈ తైత్తిరీయంలోనిదే, శీక్షావల్లిలోది. చదువు ముగించి ఇంటికెళ్ళే శిష్యుడికి గురువు చెప్పి పంపే మాటలవి. మీ అత్తయ్యగారు మీ ఇంట్లో తల్లీ, అతిథీ రెండూ. ఆవిణ్ణి సముద్రాలు దాటించి తీసుకొచ్చి బ్యాగుల పక్కన కూర్చోబెట్టాం. అక్కడ బ్యాగులకి లాకర్లు అద్దెకి దొరుకుతాయి కదమ్మా. అమ్మని లాకర్ చెయ్యక్కర్లేదు. చిన్నపిల్లల కోసం ఎవరో ఒకరు ఆగాల్సి వస్తే రైడర్ స్విచ్ అని ఉంది. ఒకరు వెళ్ళొచ్చాక ఇంకొకరు మళ్ళీ మొత్తం లైన్ నిలబడకుండా వెళ్ళొచ్చు. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ లాంటి పడవ రైడ్‌కి ఎత్తు పట్టింపు లేదు, గుండె దడ లేదు. మనవడి పక్కన నానమ్మ కూర్చోవచ్చు. రోజంతా నడవలేకపోతే వీల్ చైర్ తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. నాలుగు పార్కులు మూడైతే కొంపలేం మునిగిపోవు.

ఉత్తరంలో ఆ అమ్మాయి ఇంకో మాట రాసింది, దాదాపు చివర్లో, బ్రాకెట్లో. ఈ ఏడాది ఉగాది మార్చి 19న, సరిగ్గా ఆ ట్రిప్పు మధ్యలో పడింది. అత్తయ్యగారు ఊరి నుంచి ఎండబెట్టి తెచ్చుకున్న వేపపువ్వు పొట్లం హోటల్ దాకా తీసుకెళ్ళారట. పార్కు తెరిచే టైముకి అక్కడ ఉండాలని పొద్దున్నే బయల్దేరారు. పచ్చడికి తీరిక లేకపోయింది. పొట్లం విప్పకుండానే తిరిగి వచ్చింది.

అమ్మా, ఆవిడ టికెట్ గురించి వాదించకండి. మీవారిని వంటింట్లోకి వెళ్ళమనండి. "అమ్మా, ఆ వేపపువ్వుతో ఇవాళ చారు పెట్టవా" అని ఆయన్నే అడగమనండి. "సారీ" మన ఇళ్ళలో తల్లుల దగ్గర కొంచెం పరాయిగా ఉంటుంది. చారు అడిగితే ఆవిడకి అర్థమవుతుంది. చేదని పిల్లలు మొహం పెడతారు, పెట్టనివ్వండి.

పిల్లాడి దగ్గర మాత్రం ఆయన నోరు తెరిచే చెప్పాలి. "ఆ రోజు నేను అరిచింది నీ తప్పుకి కాదు" అని. ఐదేళ్ళవాడు అరుపుని మర్చిపోతాడేమో కానీ, "నా వల్ల నాన్న డబ్బులు పోయాయి" అన్న లెక్క లోపల ఉండిపోతుంది. అది చాలా బరువు.

ఉపనిషత్తులో ఒక తండ్రి ఉన్నాడు, మీవారికి ఆయన కథ వినిపించండి. వరుణుడు. కొడుకు భృగువు వచ్చి బ్రహ్మం గురించి చెప్పమంటే, ఒక గుర్తు చెప్పి, తపస్సు చేసి నువ్వే తెలుసుకో అంటాడు. కొడుకు వెళ్ళి వస్తాడు, అన్నమే బ్రహ్మం అనుకుని. తండ్రి "తప్పు" అనడు, "నీకు ఎన్నిసార్లు చెప్పాలి" అనడు. మళ్ళీ తపస్సు చెయ్యి నాయనా అంటాడు. ప్రాణం అనుకుని వస్తాడు. మళ్ళీ వెళ్ళు. మనసు అనుకుని వస్తాడు. మళ్ళీ వెళ్ళు. విజ్ఞానం. మళ్ళీ వెళ్ళు. అయిదోసారి భృగువుకే తెలుస్తుంది, ఆనందమే అని. అది వరుణుడు కొనిచ్చింది కాదు. కొడుకు అక్కడికి చేరేదాకా ఓపికగా గుమ్మం దగ్గర ఉన్నాడు, అంతే.

వచ్చే శనివారం వీడియోలో భృగువల్లి మొదలుపెడుతున్నాం. డాలస్‌లో మీకు ఉదయం అవుతుంది, వీలైతే మామయ్యగారినీ అత్తయ్యగారినీ కూడా కూర్చోబెట్టండి. ఆవిడకి ఈ మంత్రాలు మనకంటే బాగా వచ్చేమో, అడిగి చూడండి.