అడిగేవాళ్ళూ, చెప్పేవాళ్ళూ

ఎదుటివాళ్ళ సంగతులు అడగడం మనకి వెన్నతో పెట్టిన విద్య. రైల్లో పక్కసీటావిడ సామాను సర్దుకునేలోపే ఆవిడకెందరు పిల్లలో, అల్లుడి జీతమెంతో రాబట్టేస్తాం. అలాంటి మనకి, ప్రశ్నలడగడం నేర్పడానికి ఓ చదువుందంటే నవ్వు రాదూ? మా ఆడపడుచు కూతురు సమాజశాస్త్రంలో పిహెచ్.డి.కి చేరి, మొదట్లో ఆ క్లాసులకే వెడుతున్నానంటే నేనూ నవ్వాను.

"అదేం చదువే! నన్నడిగితే ఒక్క పూటలో నేర్పేదాన్నిగా!"

"మీరు నేర్పేది రాబట్టడం అత్తయ్యా. మాకు నేర్పేది అడగడం" అంది.

ఆ తేడా ఏమిటో కొన్నాళ్ళకే తెలిసొచ్చింది. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ మీద ఆ పిల్ల పరిశోధన. మా పనిమనిషితో మాట్లాడతానంది. "దానికేం, నే చెప్తే కాదనదు" అని పిలిచి, నేనూ కుర్చీ లాక్కుని కూచున్నాను. మేనకోడలు పుస్తకం మూసేసి, "మీరు కాస్త లోపలికెళ్ళాలి అత్తయ్యా" అంది.

నా ఇంట్లోంచి నన్ను లేచి పొమ్మనడమా! ముఖం మాడ్చుకుని లోపలికెళ్ళాను. బల్లమీద ప్రశ్నల కాగితం ఇంకో ప్రతి కనబడింది. జీతమెంత? నెలకెన్ని సెలవులు? జ్వరమొస్తే జీతం కోస్తారా? టీ ఏ గ్లాసులో ఇస్తారు? చదువుతుంటే నా కోపం మెల్లగా సిగ్గులోకి దిగింది. నేను ఎదురుగా కూచునుంటే ఆమె ఏం చెబుతుంది, పాపం! "అమ్మగారు దేవత" అని చెబుతుంది. "నే చెప్తే కాదనదు" అన్నానే, అసలు చిక్కంతా అక్కడే ఉంది. కాదనలేని మనిషి నోట వచ్చిన 'సరే'ని ఒప్పుకోలు అనగలమా?

పిహెచ్.డి.కి ఈ కోర్సువర్కు తప్పనిసరి. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం కనీసం 12 క్రెడిట్లుండాలి, అందులో పరిశోధన, ప్రచురణల నీతి గురించి ఓ కోర్సూ ఉండాలి. 2019లో తయారైన ఆ కోర్సు 30 గంటలది. అందులో చాలా భాగం ఇతరుల రాతలు కాజెయ్యకపోవడం, దొంగ పత్రికల్లో అచ్చేయించకపోవడం లాంటివే. మంచిదే. కానీ రాతల దొంగతనానికి పాఠముంటే సరిపోయిందా, బతుకుల దొంగతనం మాటేమిటి? అది మంచి గురువు దగ్గర, కొంత తప్పులు చేసీ నేర్చుకోవలసిందే.

అమెరికాలో విలియం ఫుట్ వైట్ అనే ఆయన 1930ల చివర్లో బోస్టన్‌లో ఇటలీవాళ్ళ పేటలో కాపురముండి, 1943లో 'స్ట్రీట్ కార్నర్ సొసైటీ' రాశాడు. ఓ రోజు జూదం వ్యాపారంలో ఉన్న మనిషిని, నలుగురి ముందూ, పోలీసులకి మామూళ్ళు ముట్టాయి కదూ అని అడిగేశాడట! అందరూ బిగుసుకుపోయారు. మర్నాడు ఆ పేట స్నేహితుడే మందలించాడు: ఎవరు, ఎందుకు అని వెంటపడకు, మాతో మసలుతూ ఉండు, అడక్కుండానే తెలుస్తాయి అని. హార్వర్డులో చదువుకునే ఆయనకి ఆ వీధి మనిషే గురువయ్యాడు.

మన ఎం.ఎన్. శ్రీనివాస్ గారు 1948లో మైసూరు ప్రాంతపు పల్లెలో నెలల తరబడి ఉన్నారు. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన మంటల్లో ఆ నోట్సు మూడు ప్రతులూ కాలిపోతే, జ్ఞాపకం మీద 'ది రిమెంబర్డ్ విలేజ్' (1976) రాశారు. పల్లెకి రాంపుర అని వేరే పేరు పెట్టారు. ఎస్.సి. దూబే గారు మాత్రం హైదరాబాద్ దగ్గర శామీర్‌పేటని 'ఇండియన్ విలేజ్' (1955)లో అసలు పేరుతోనే రాశారు. ఏది సబబు? పేరు మారిస్తే పరాయివాళ్ళు పోల్చుకోలేరు నిజమే. సొంత వీధివాళ్ళు పోల్చుకోరూ?

ఇది నాకు అనుభవమే. నా తొలినాటి నవలొకదానిలో మా పుట్టింటి పక్కావిడ కథ వాడుకున్నాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, ఆఖరికి చీర రంగూ మార్చాను. పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఆవిడ ఓ పెళ్ళిలో కనబడి, "బాగా రాశావటమ్మా. అందరికీ చెప్పావు, నాతో ఒక్క మాట అనలేకపోయావా?" అంది. అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి నాకు. పరిశోధన చేసే పిల్లకి సంతకం తీసుకోమని చెప్పేవాళ్ళున్నారు. రచయిత్రికి ఎవరు చెబుతారు?

అలాగని అందరూ దాచమన్నవి దాచేస్తే నిజం ఎక్కడ మిగులుతుంది? జీతం కోసిన ఇల్లాలూ "నా సంగతి రాయకండి" అనే అంటుంది. ఆవిడ మాట మన్నించనక్కర్లేదు. బలమున్నవాళ్ళు చేసింది బయటపెట్టడం వేరు, బలంలేనివాళ్ళు నమ్మి చెప్పుకున్నది బయటపెట్టడం వేరు. ప్రతిసారీ గీత ఇంత స్పష్టంగా ఉండదని తెలుసు. అందుకే, ఎక్కడ గీత గియ్యాలో తోచనప్పుడు ఆ చెప్పిన మనిషినే అడగాలి.

ఆ రోజు మేనకోడలు అదే చేసింది. రాసుకున్నదంతా పనిమనిషికి చదివి వినిపించింది. అంతా విని ఆమె, "ఆ ఒక్క ముక్కా తీసెయ్యమ్మా" అంది. ఆ పిల్ల ఎందుకని కూడా అడక్కుండా కొట్టేసింది.

గదికి అడ్డం ఉన్నది కర్టెనే కదా, ఆ ముక్క నాకూ వినబడింది. రచయిత్రిగా చెబుతున్నాను, మొత్తంలో అసలైనది అదే. దాని చుట్టూ ఓ నవల అల్లొచ్చు. మర్నాడు ఆమె పెరట్లో గిన్నెలు తోముతుంటే, కలం చేతబట్టుకుని చాలాసేపు కూచున్నాను. తర్వాత లేచి వెళ్ళి, నెలకి నాలుగు సెలవులన్న సంగతి తేల్చేశాను లెండి.

ఆ ముక్క మాత్రం ఇక్కడా రాయడం లేదు.