కనపడ్డ రమేష్, దొరకని రమేష్

ఒక పట్నంలో ఓ పాత గ్రంథాలయం. చెదలు పట్టిన సభ్యత్వ రిజిస్టర్లు అటక ఎక్కించి, పేర్లన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి ఎక్కించారు. దాని మంచిచెడ్డలు చూడటానికి ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నారు. చెయ్యి చురుకైనవాడే, ఓపికే తక్కువ.

ఒకరోజు రమేష్ అనే సభ్యుడు పుస్తకం కోసం వచ్చాడు. కౌంటర్‌లో గుమస్తా పేరు కొడితే అలాంటి సభ్యుడే లేడని వచ్చింది. కుర్రవాడు టేబుల్ మొత్తం తెర మీద ప్రింట్ చేశాడు. రమేష్ నిక్షేపంలా ఉన్నాడు. ఆ పేరుతో ఉన్న రికార్డు ఇమ్మని క్వెరీ రాస్తే మాత్రం సున్నా. మళ్ళీ ప్రింట్ చేశాడు. ఇండెక్స్ చెడిందన్నాడు, సర్వర్ ఆపి మళ్ళీ నడిపాడు, ఫాంట్ కూడా మార్చాడు పాపం. రమేష్ బెంచీ మీద కూర్చుని పాత వారపత్రిక తిరగేస్తున్నాడు.

చివరికి కుర్రవాడు తన సీనియర్‌కి ఫోన్ చేశాడు.

"అక్కా, కళ్ళెదుట కనపడుతున్నవాణ్ణి డేటాబేస్ లేడంటోంది."

"పేరుకి అటూ ఇటూ బ్రాకెట్లు తగిలించి ప్రింట్ చెయ్యరా."

చేశాడు. రమేష్ బ్రాకెట్ల మధ్య బిగువుగానే ఉన్నాడు. కానీ కింద లక్ష్మి పేరుకీ మూసే బ్రాకెట్‌కీ నడుమ సందు! టైపు చేసినవాళ్ళు చివర స్పేస్ కొట్టి వదిలేశారు. నిలువు గీత వంకర పోకుండా పొట్టి పేర్ల వెనక పోస్ట్‌గ్రెస్ టెర్మినల్ ప్రోగ్రాం అయిన పీఎస్‌క్యూఎల్ తనే ఖాళీలు నింపుతుంది. ఆ ఖాళీల్లో ఈ ఖాళీ కలిసిపోయి ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

"లక్ష్మి సంగతి సరే, మా రమేష్ సంగతేంటక్కా?"

"పేరు పక్కన పొడవు కూడా అడుగు."

ర, మ, ఏత్వం, ష, పొల్లు. ఐదు రావాలి. ఆరు వచ్చింది.

"ఇప్పుడు బైట్లు చూడు."

యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు. 15 ఉండాల్సిన చోట 18 ఉన్నాయి. చివరి మూడూ ఈ2, 80, 8సి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అన్నమాట. పొల్లు తర్వాతి అక్షరం వత్తుగా మారకుండా అడ్డుపడే గుర్తు. దానికంటూ ఆకారం లేదు, వెడల్పూ లేదు. అందుకే బ్రాకెట్లకీ చిక్కలేదు. పొల్లుతో ముగిసే పేర్ల చివర ఇది అనవసరంగా వచ్చి పడటం తెలుగు టైపింగ్‌లో మామూలే.

"దొరికింది! టేబుల్ అంతటా ఒక్క దెబ్బతో తీసిపారేస్తా."

"ఆగు. ముందు ఏయే పేర్లు మారబోతున్నాయో ప్రింట్ చేసి చూడు."

ఆ జాబితాలో రాజ్‌కుమార్ ఉన్నాడు. అతని పేరు నడుమ ఆ గుర్తు ఉండబట్టే 'క' వెళ్ళి 'జ' కింద వత్తుగా పడలేదు. తీసేస్తే మర్నాటికల్లా రాజ్కుమార్ అయి కౌంటర్ దగ్గర గొడవకి దిగేవాడు. కుర్రవాడు పేర్ల చివర ఉన్నవాటిని మాత్రమే తీశాడు. లక్ష్మి స్పేస్ కూడా తుడిచాడు. రమేష్‌కి పుస్తకం దొరికింది.

నీతి: తప్పు వెతికేవాడు ఫలితాన్ని అనుమానించడానికి వీలుగా ప్రింట్ చేసుకోవాలి. పొందికైన పట్టిక పై అధికారికి చూపించడానికి పనికొస్తుంది. దోషం పట్టాలంటే కొసలు కనపడాలి, పొడవు కనపడాలి, అవసరమైతే బైట్లూ కనపడాలి. ఆ గ్రంథాలయంలోనే ఫోన్ నంబర్ల కాలమ్ కొన్ని చోట్ల బోసిగా ఉంది. నంబరు అడగనే లేదా, అడిగితే లేదన్నారా? పీఎస్‌క్యూఎల్ మామూలుగా నల్‌నీ ఖాళీ స్ట్రింగ్‌నీ ఒకేలా ఏమీ రాయకుండా వదిలేస్తుంది. పీసెట్ కమాండ్‌తో నల్‌కి ఒక గుర్తు పెట్టుకుంటే రెండూ విడిపోతాయి. పైథాన్‌లో ఉత్త ప్రింట్ కన్నా రెప్ర్ మేలు. అది స్ట్రింగ్‌కి కొటేషన్ గుర్తులు పెడుతుంది, కనపడని ఆ నాన్ జాయినర్‌ని కోడ్ రూపంలో బయటపెడుతుంది. ఇలా అన్నీ బయటపెట్టే ప్రింట్ లైన్లు పని అయ్యాక కోడ్‌లో ఉండిపోకూడదు. ఉండిపోతే సభ్యుల ఫోన్ నంబర్లు లాగ్ ఫైల్లో చేరి, దాన్ని తెరిచిన ప్రతివాడికీ కనపడుతూ ఉంటాయి.