ఒకే చేలో జొన్నా కందీ

జలదంకి, ఉదయగిరి మెట్టలో వానను నమ్మి విత్తడమంటే గుండె ధైర్యం ఉండాలి. తొలకరి ఆశ పెడుతుంది గానీ నెల్లూరు జిల్లాకు అసలు వానలు అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాలతోనే. అందాకా ఒక్క పంట మీదే భారం వేస్తే ఎలా?

రెండు సాళ్లు జొన్న, ఒక సాలు కంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దశాబ్దాల కిందటే ఈ జోడీని కొలిచి చూశారు. జొన్న దాదాపు పూర్తి పంట ఇచ్చింది, కందీ సగానికి పైగా దక్కింది. కారణం కాలంలో ఉంది. జొన్న మూడున్నర నెలల్లో కోతకొస్తుంది. అప్పటిదాకా నింపాదిగా ఉన్న కంది ఆ తర్వాతే ఏపుగా కొమ్మలు వేస్తుంది. దాని తల్లివేరు లోతుకు దిగి, జొన్న వేళ్లకు అందని తడిని తాగుతుంది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. దాన్ని పక్కసాలు జొన్నకు పోసే ఎరువనుకోకండి. రాలిన ఆకులు కుళ్లాక ఎక్కువగా మేలు పొందేది వచ్చే ఏటి పైరే.

చిక్కు లేకపోలేదు. కోత యంత్రం రెండు పైర్లున్న చేలోకి సులువుగా దిగదు, కూలి ఖర్చు పెరుగుతుంది. అయినా మెట్టలో ఒంటి పంటే పెద్ద జూదమని నా అభిప్రాయం. రైతు సోదరులారా, ఈసారి కనీసం ఒక్క మడిలోనైనా కంది సాళ్లు కలిపి విత్తి చూడండి.