పూవులక్రింద విందు

సర్వము క్షణికమను మాటను శ్రద్ధతో విన్నవాడు ఆ పిదప చేయవలసినది ఏమి? ఈ ప్రశ్నకు మనదేశమున ఉత్తరము చిరకాలమునుండి సిద్ధముగనే యున్నది. వైరాగ్యశతకములు వ్రాసిన కవులు మొదలుకొని ఏకతారపై తత్త్వములు పాడు బైరాగులవఱకు అందఱును నీటిబుడగను చూపి, వాడిన పూవును చూపి, "కావున విడువుము" అని చెప్పినవారే కాని, "కావున త్వరపడి చాప పఱువుము" అని చెప్పినవారు కారు. బుద్ధభగవానుని అనిత్యవాదమును చీనా కొరియాల మీదుగా గ్రహించి, పదునాలుగు శతాబ్దములకు పైగా ఆలయములందును, సమాధులయొద్దను, కావ్యములందును దానిని వల్లించుచున్న జపానువారు మాత్రము, ఆ యనిత్యతకు ప్రత్యక్షసాక్ష్యమని తామే చెప్పుకొను చెర్రీజాతి సకురాపూవు విచ్చినంతనే, సంసారమును విడుచుట యటుండగా, ఆలుబిడ్డలతో, కచేరీమిత్రులతో, అన్నపుపెట్టెలతో, మద్యపాత్రలతో ఆ చెట్టుక్రిందికే వచ్చి కూర్చుందురు. హనామి యని వారు పిలుచు ఈ పుష్పదర్శనోత్సవమునకు క్రొత్తగా పోయినవానికి మొదట కలుగునది ఆనందమే. ఆ వెనువెంటనే కలుగునది ఒక తార్కికమైన చిక్కు. ఒకే ప్రతిజ్ఞనుండి రెండు జాతులవారు ఇంత విరుద్ధములైన నిగమనములను ఎట్లు తీసిరి?

మార్చి కడపటి దినములలో టోక్యోలోని ఉయెనో ఉద్యానమును చూచినచో ఆ చిక్కు మఱింత బిగియును. సంస్థలో క్రొత్తగా చేరిన యువకుడు ప్రొద్దుననే వచ్చి, నీలిరంగు పట్టా పఱచి, పైయధికారులు సాయంకాలము విచ్చేయుదాక దానిమీద ఒంటరిగా కూర్చుండి చోటు కాచుట అచటి వాడుక. తక్కినవారు వచ్చి పాదరక్షలను పట్టా అంచున విడిచి కూర్చుండినంతనే ఆ పట్టాయే ఇల్లగును. పిదప ఉప్పులో ఊరిన సకురాయాకు చుట్టిన తీపిముద్దలు, గులాబి తెలుపు ఆకుపచ్చ వన్నెలతో పుడకకు గ్రుచ్చిన పిండియుండలు, సాకే, బీరు. చీకటి పడగనే లాంతరుల వెలుగులో అదే గోష్ఠి. కొమ్మ విఱువరాదు, వేళ్లను త్రొక్కరాదు, ఎంగిలియు చెత్తయు మూటగట్టి తమవెంట కొనిపోవలెను అను నియమములు క్రొత్తవానికి ఎవరును బోధింపనక్కఱలేదు. ప్రక్కపట్టావారిని చూచిన చాలును. చూడగా చూడగా తెలియవచ్చునది మఱొకటి: తల యెత్తి పూవును చూచువారు బహు స్వల్పము. పూవుకన్న పిండియుండ మేలని తమ్ము తామే పరిహసించుకొను సామెత వారికి కలదు. మన కార్తికవనభోజనములందైనను ముందు ఉసిరిచెట్టునకు పసుపుకుంకుమలు, పిదపనే విస్తళ్లు. ఇచట చెట్టునకు మ్రొక్కువాడును కానరాడు, దానిక్రింద కన్ను మూసి ధ్యానించువాడును కానరాడు. విరక్తియు కలుగక, భక్తియు కలుగక, ఆకలి మాత్రము కలుగుట ఏమి తత్త్వము?

ఇది నేటి నాగరికుల నిర్లక్ష్యమని త్రోసివేయుటకు చరిత్ర అంగీకరింపదు. క్రీ.శ. 812లో సాగ చక్రవర్తి క్యోటోలోని షిన్‌సెన్‌ఎన్ ఉద్యానమున జరిపిన పుష్పసభయు విందే. 1598లో దేశమునేలుచుండిన సేనాని టొయొటోమి హిదెయొషి దైగోజీ ఆలయమున వందలకొలది చెట్లను తెప్పించి నాటించి చేసిన ఆర్భాటమును విందే. ఆ యేడే అతడు గతించెను. పదునెనిమిదవ శతాబ్దమున సైనికపాలకుడగు షోగను తొకుగావా యొషిమునె అసుకయామ కొండపై సకురాలు నాటించినది సామాన్యులు వచ్చి తిని త్రాగి పాడుకొనుటకే. ఆక్షేపించినవారు లేకపోలేదు. పదునాలుగవ శతాబ్దపు సన్న్యాసి కెంకో తన త్సురెజురెగుసా గ్రంథమున, నిండుగా పూచిన పూవునే చూడవలెనా యని ప్రశ్నించి, విచ్చనున్న కొమ్మయు, రాలిన రేకులు కప్పిన తోటయు రసికునకు చూడదగినవని చెప్పి, చెట్టునకు అంటుకొనిపోయి త్రాగి పాడి కడకు కొమ్మ విఱుచు మోటువారిని ఈసడించెను. ఆ యభిరుచి సూక్ష్మమైనదే. కాని అందు కొంత పెద్దమనుష్యుల బిగువు కూడ కలదని నాకు తోచును.

కెంకోకన్న నన్నెక్కువగా ఆలోచింపజేసినది ఒక చెట్టు చెప్పిన సమాధానము. సైగ్యో (1118–1190) యోధవృత్తిని విడిచి సన్న్యసించినను సకురామీది మోహమును విడువలేకపోయిన కవి. బుద్ధనిర్వాణము స్మరింపబడు రెండవమాసపు పూర్ణిమవేళ పూవులక్రింద మరణింపవలెనని కోరి, ఆ మాసపు పదునాఱవనాడే మరణించినవాడు. నాటకకర్త జెయామి కృతియని ప్రసిద్ధమైన 'సైగ్యోజకురా' యను నో నాటకమున, ఏకాంతమును కోరి కుటీరమున నున్న ఈ సన్న్యాసి, తన ముంగిటి చెట్టును చూడ నగరమునుండి గుంపులు వచ్చుటకు విసిగి, ఇది సకురా చేసిన దోషమేయని పద్యము చెప్పును. ఆ రాత్రి వృక్షాత్మ వృద్ధుని రూపమున ప్రత్యక్షమై, ఇది ఏకాంతమా లోకపు రచ్చయా యనుట చూచువాని చిత్తమును బట్టి యుండును గాని, చిత్తమే లేని పూవునకు దోషమెక్కడిదని వాదించును. మన కృష్ణాతీరపు నాగార్జునకొండతో పేరు పెనవేసికొనిన నాగార్జునాచార్యుని జపానీయబౌద్ధులు ర్యూజు అను నామముతో ఎనిమిది శాఖలకు మూలపురుషునిగా స్మరింతురు. ఆ శూన్యవాది సంతోషముతో శిష్యునిగా అంగీకరింపదగిన పాత్ర ఈ వృక్షాత్మ. పూవునందు స్వభావసిద్ధమైన దుఃఖము లేదు, పావనత్వమును లేదు. అది రాలుట నిజము, ఆ రాలుట మనకొక ఉపదేశమగుట మన కల్పన.

ఈ సూక్ష్మమును మఱచిన ఫలమును ఆ దేశమే అనుభవించెను. మొతోఓరి నొరినాగ (1730–1801) జపానీయ హృదయమును ఉదయకాంతిలో మెఱయు కొండసకురాతో పోల్చి పద్యము చెప్పెను. అందు మెఱయుటయే కాని రాలుట యను మాట లేదు. 1944 అక్టోబరులో విమానములతో శత్రునౌకలపై పడి మరణించుటకు ఏర్పఱచిన తొలిదళములకు పేర్లు ఆ పద్యమునుండియే తీసి, అందొకదానిని కొండసకురా దళమనిరి. మఱుసటి యేట ప్రేలుడుద్రవ్యము నింపి, లోపల మనుష్యుని కూర్చుండబెట్టి విడిచిన యంత్రమునకు సకురాపుష్పమను పేరే పెట్టిరి. పూవు అందముగా రాలును, కావున నీవును రాలుము. ఇరువదియేండ్ల పిల్లలకు చెప్పిన ఈ పాఠము, మన బైరాగి పాడు పాఠమునకు రూపమున ఎంత దగ్గఱగా నున్నదో తలచుకొనిన భయము కలుగును. అనిత్యతనుండి ఏ "కావున"నైనను తీయవచ్చును; విరక్తిని తీయవచ్చును, హత్యను తీయవచ్చును. ఇప్పటికిని టోక్యోలో సకురా విచ్చినదని వాతావరణశాఖ ప్రకటించుట, యుద్ధమృతులను ప్రతిష్ఠించిన యసుకుని ఆలయప్రాంగణమందలి యొక చెట్టున ఐదాఱు పూవులు తెఱచుకొనిన పిదపనే. ఆ ప్రకటన విని పట్టా చంకనిడుకొని బయలుదేరు గుమాస్తాను జ్ఞాని యని నేననను. నడిరేయి త్రాగి ఆ పట్టామీదనే నిద్రించువానిని జ్ఞాని యనుట శక్యము కాదు. కాని పూవును గురుపీఠమెక్కింపని మర్యాద యొకటి అతనియందు కలదు. మన తత్త్వకారులకు అదియే కొఱవడినది.

ఆ మాటకు వచ్చిన, మనము విలపించు క్షణికత కూడ అంత స్వాభావికము కాదు. నేడు ఉద్యానములందు అత్యధికముగా కనబడు సొమెయి యొషినో, నేటి టోక్యోయగు ఎడో నగరపు శివారున తోటమాలులు నివసించిన సొమెయి పల్లెనుండి పందొమ్మిదవ శతాబ్దమున వ్యాపించిన సంకరజాతి. విత్తనముచేత తనవంటిదానిని కనలేక, అంటుకట్టుటచేతనే వృద్ధిచెందినది గావున, ఆ జాతిచెట్లన్నియు నిజమునకు ఒకే చెట్టు. అందుచేతనే ఒక ఊరివన్నియు ఒక్కమాఱు విచ్చి ఒక్కమాఱు రాలును. సైగ్యో తిరుగాడిన యొషినో కొండమీది అడవిసకురాలు అట్లు కాక, ఒక్కొక్కటి ఒక్కొక్క స్వభావముతో, లేతాకులతో కూడి, కొండపాదమునుండి పైకి వారములతరబడి పూచుచుపోవును. వారముదినములలో సర్వము ముగియునను మన దిగులులో సగము తోటమాలి కత్తి చేసినది. సకురామొగ్గలైనను వెనుకటి వేసవియందే ఏర్పడి, శీతకాలపు చలి సోకిన పిదపనే మేల్కొనును. పాతదినచర్యలు శోధించి కూర్చిన క్యోటో పూర్ణవికాసపు తేదీలలో, పండ్రెండువందల యేండ్లకు 2021 మార్చి 26 అప్పటివఱకు అన్నింటికన్న ముందుగా వచ్చుట వేదాంతవిషయము కాదు, భూతాపమును గూర్చిన వార్త.

సొమెయి యొషినో జాతికి అఱువదియేండ్లే ఆయువని లోకులందురు. ఉత్తరజపానులోని హిరొసాకి కోటతోటలో 1882లో నాటినది నేటికిని పూచుచున్నది. సకురాను కోయువాడు మూర్ఖుడని సామెత యున్నను, ఆపిలుతోటలకు పేరొందిన ఆ ప్రాంతపు తోటమాలులు దానిని లెక్కింపక, ఆపిలునకు చేయునట్లే మంచు కరగకముందే ముదికొమ్మలను కోసి, కోతలకు మందు పూసి, ఎరువు వేసి, వృద్ధవృక్షములచేత గుత్తులుగుత్తులుగా పూయించుచున్నారు. టోక్యోలో పూవు రాలిన పిదప చేరిన క్రొత్తవాడు విచారింపక, ఏప్రిలు ద్వితీయార్ధమున ఉత్తరమునకు రైలెక్కి అచటికి పోవచ్చును. పట్టాక్రింద పఱచుటకు మందమైన కంబళి యొకటి వెంట నుంచుకొనుట మంచిది, ఆ దినములందు అచటి నేల ఇంకను చల్లగనే యుండును.