పక్షికి రావలసిన వాటా

మనిషి పక్షికి గింజలు వేసినప్పుడు ఆ చర్య ఎవరి కోసం? పక్షి ఆకలి తీరుతున్నది. వేసినవాని మనస్సుకూ తృప్తి కలుగుతున్నది. ఈ రెండూ ఒకటేనన్న భావన సహజమైనదే కాని, అది పరీక్షకు నిలువవలసి ఉంది.

భారతీయ సంప్రదాయం ఈ విషయాన్ని కేవలం దయకు వదలలేదు. గృహస్థు నిత్యం ఆచరించవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞాన్ని చేర్చి, పశుపక్ష్యాదులకు అన్నంలో భాగం పెట్టడాన్ని విధిగా నిర్ణయించింది. తెలుగు పల్లెల్లో వరి కంకులను కుచ్చులుగా అల్లి, పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసే ఆచారంలోనూ ఈ దృష్టే ఉంది. పంటలో తనతోపాటు మరొకరికీ వాటా ఉన్నదని రైతు అంగీకరిస్తున్నాడు. అయితే అట్టి ఇంట పిచ్చుకకు లభించినది కంకి మాత్రమే కాదు. తాటాకు కప్పులో, పెంకుల సందులో గూటికి చోటు దొరికేది. పెరటి పాదుల్లో పురుగులు దొరికేవి.

నగరంలో కంకి స్థానంలోకి బాల్కనీలోని గింజల పళ్లెం వచ్చింది. పిచ్చుకల సంఖ్య దేశం మొత్తం మీద ఇంచుమించు నిలకడగా ఉన్నదనీ, హైదరాబాదుతో సహా ఆరు మహానగరాలలో మాత్రం తగ్గిందనీ 2020లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక తెలిపింది. పెద్ద పిచ్చుక గింజలతో బ్రతుకగలదు. కాని గుడ్డు నుండి వెలువడిన పిల్లకు తొలి దినాలలో పురుగులే ముఖ్యాహారం. పెరట్లో పురుగుమందు చల్లి, నేలనంతా సిమెంటుతో కప్పి, పళ్లెంలో బియ్యం పోసే గృహస్థు తల్లికి పెట్టి బిడ్డను పస్తుంచుతున్నాడు.

దోషం దయలో లేదు. చూడకుండా దయ చూపడంలో ఉంది. బాల్యంలో తాను కొట్టిన పిచ్చుక కంఠం మీది పసుపు మచ్చను గమనించిన సలీం అలీ (1896–1987), అది ఏ పక్షియో తెలుసుకోగోరి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లాడు. వేటగా చేజిక్కిన పిట్ట ప్రశ్నగా మారి, ఆయనను ఆజీవనం పక్షుల వైపు నడిపించింది.

పళ్లెం పెట్టినవాడు కూడా కొంతసేపు నిలిచి చూడగలిగితే, పిచ్చుక గింజలను విడిచి, మొక్కల ఆకుల మధ్య పురుగును వెదకి, ముక్కున కరచుకొని పోవడం కనిపిస్తుంది. అది ఏ గోడ సందులో దూరుతున్నదో కనుగొన్నవాడు, ఆ సందును పూడ్పించే పనిని పిల్లలు ఎగిరిపోయే వరకు ఆపుతాడు. పక్షికి రావలసిన వాటా ముట్టేది అక్కడే.